కాలం చేసే వయసు

కిటికీ అద్దం మీద వాన. జారి, ఆగి, మళ్ళీ జారే వాన.

వానాకాలం.

లోపల తడి కాగితం వాసన... సిరా వాసన.

పత్రికాఫీసులో మరణ ప్రకటనలు రాసుకునే బల్ల ఆమెది. ఇరవై రెండేళ్లుగా ఆమెదే. రోజుకు పదిసార్లు 'కాలం చేశారు' అని రాస్తుంది కనక, అందరికీ ఆమె 'కాలం అక్క'. పేపర్లో ఒక కాలం వెడల్పు, రెండంగుళాల పొడవు — అందులోనే ఒక మనిషి జీవితకాలం ఇమడాలి. ఇమిడ్చేది.

ఆ మధ్యాహ్నం ఒకావిడ వచ్చింది. భుజం మీద దారప్పోగులు. మెడలో కొలతల టేపు — తీయడం మరిచిపోయినట్టుంది.

"ఎవరమ్మా? అమ్మగారా, నాన్నగారా?"

"మా పాప."

ఏడేళ్లట. జ్వరమట. నాలుగు రోజులేనట.

అప్పటికే అక్క చెయ్యి, అలవాటుకొద్దీ, 'కాలం' అని రాసేసింది. ఆవిడ ఎదురుగా నిలబడే, తలకిందులుగా ఆ మాట చదివింది.

"చిన్నపిల్లకి కూడా అలాగే రాస్తారా అమ్మా? దానికింకా కాలమెక్కడిది, చెయ్యడానికి?"

అక్క ఆ మాట కొట్టేసింది. 'కన్నుమూసింది' — వద్దు. 'ఇక లేదు' — చెయ్యి రాలేదు.

ఇరవై రెండేళ్లలో మొదటిసారి మాట దొరకలేదు.

పాప గురించి చెప్పమంది. ఆవిడ చెప్పింది. గోడల నిండా బొమ్మలేస్తుందని. పిల్లికి ఐదు కాళ్ళు పెడుతుందని. ఎందుకే అంటే, ఒకటి అలిసిపోతే ఇంకోటుంటుంది కదా అంటుందని.

వేస్తుంది... పెడుతుంది... అంటుంది.

'వేసేది' అని ఒక్కసారీ అనలేదు.

అక్క విన్నది విన్నట్టే రాసింది.

సాయంకాలం, తప్పులు దిద్దే ఆయన కాగితం పట్టుకొచ్చాడు.

"అక్కా, బొమ్మలు 'వేస్తుంది' అని పడింది. 'వేసేది' కదా. కాలం తప్పింది."

"తెలుసు. అలాగే ఉండనీ."

"చదివినవాళ్ళు రేపూ వేస్తుందనుకుంటారు."

"అనుకోనీ."

ఆయన ఎర్ర కలం జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

మర్నాడు తలుపులు తీసేసరికే ఆవిడ మెట్ల మీద ఉంది. పేపరు మడత విప్పి, ఆ రెండంగుళాల చోట వేలు పెట్టింది. చాలాసేపు తీయలేదు.

"రేపు కూడా వేస్తారా అమ్మా?"

ఒక్కరోజుకే వేస్తాం — ఎంతమందికి చెప్పిందో ఆ మాట.

ఈసారి చెప్పలేదు.

కుర్చీ లాగి, ఆవిడను కూర్చోమంది. తెల్లకాగితం ముందుకు జరుపుకుంది. పైన, మూలగా, రేపటి తేదీ వేసింది.

కలం అక్కడే ఆగింది...