మారయ్య గుండె తలుపులు

పంతొమ్మిది వందల అరవై మూడు వానాకాలంలో బక్కమ్మ మందను ఊరివాళ్లకు అప్పజెప్పి, జ్వరంతో ఉన్న మొగుణ్ణి ఎడ్లబండిలో పాలమూరు దవాఖానకు తెచ్చింది. వెంట ఒక పాడిమేకను కూడా తోలుకొచ్చింది. వాచ్‌మన్ రజాక్ అడ్డం నిలబడ్డాడు.

"గిది దవాఖాననా, బందెలదొడ్డా?"

"మనిషికి బలం గావాలె గద భాయ్. నీ చాయ్‌కు గూడ పాలు పోస్త తియ్యి."

మేకకు వెనక గోడ పక్కన జాగా దొరికింది.

మందలు కాసే మారయ్య ఒంట్లో కండంతా రెండు నెలల జ్వరానికి కరిగిపోయింది. డాక్టర్ ఖమర్ అతని ఛాతీ మీద గొట్టం పెట్టి చాలాసేపు విన్నది. గోళ్ల కింద సన్నటి ఎర్రగీతలు చూసింది.

"గుండెల చిన్న చిన్న తలుపులుంటయి బక్కమ్మా. వాటికి పురుగు పట్టింది. ఇడిసిపెడితే తినేస్తది."

చెదపట్టిన తలుపు గతేమిటో బక్కమ్మకు తెలుసు.

పెన్సిలిన్ సూదులు మొదలయ్యాయి. అది ఏ పురుగో తేల్చమని పట్నానికి పంపిన రక్తం సీసాలో ఏదీ మొలవలేదు. సూదులు పడుతూనే ఉన్నాయి, జ్వరం వస్తూనే ఉంది. రజాక్ జాలిపడి మేకను తిట్టడం కూడా మానేశాడు. బక్కమ్మకు అన్నిటికంటే దానికే ఎక్కువ భయం వేసింది.

ఒక పొద్దున ఖమర్ వార్డులోకి వచ్చేసరికి బక్కమ్మ నురగ ఆరని పాలచెంబు మొగుడి నోటికి పెడుతున్నది.

"కాగబెట్టవా?"

"కాగబెడితే సత్తువ పోదా డాక్టరమ్మా? ఎప్పుడూ గిట్లనే తాగుతం."

"ఈ ఏడాది మీ మందల మేకలు నెలలు నిండకముందే ఈనినయా?"

"ఈనినయి. సచ్చిన పిల్లలే పడ్డయి. ఈయనే చేత్తో గుంజి తీసిండు."

ఖమర్ చెంబు లాక్కున్నది. "పురుగు మేకల నుంచి వచ్చినట్టుంది. గీ పాలల్ల గూడ ఉంటది."

బలమని రోజూ తాగించింది తనే. బక్కమ్మ గోడకు చేరగిలబడింది. "నేనే సంపుతున్ననా?"

"నువ్వు నా ముందట తాపకపోతే నాకు తెలుస్తుండెనా? ఫికర్ చెయ్యకు. గీ పురుగు జర బద్ధకంది, మొలవనీకి వారాలు పడ్తది. సీసను పారెయ్యకుండ ఉంచుమని మళ్ల రక్తం పంపుత. ఈలోపు మందు మారుస్త."

తలుపు దగ్గర రజాక్ మొహం పాలిపోయింది. "మరి నా చాయ్, మేడం?"

"చాయ్‌ల కాగినయి. నీకేం గాదు."

స్ట్రెప్టోమైసిన్ సూదులు పడ్డాయి, టెట్రాసైక్లిన్ గోలీలు మింగించారు. మొదట ఏమీ మారలేదు. తర్వాత జ్వరం ఒకరోజు ఆలస్యంగా వచ్చింది, ఇంకోరోజు రావడమే మరిచిపోయింది. సీసాలో మేకల పురుగే మొలిచిందని పట్నం నుంచి కబురొచ్చేసరికి మారయ్య బీడీ కోసం రజాక్‌తో కొట్లాడుతున్నాడు.

ఇంటికి పంపే రోజు ఖమర్ మళ్లీ గొట్టం పెట్టి విన్నది. "పురుగు పోయింది. గని తలుపు ఒకటి జర ఒంకర వోయింది. గోలీలు ఇంక కొన్ని నెలలు మింగాలె. మంద ఎనక గుట్టలెక్కుడు బంద్."

"మరి మందనెవరు కాస్తరు?" అన్నాడు మారయ్య.

బక్కమ్మ అతని గొంగడి తీసి భుజాన వేసుకున్నది.

"నేను పోత. నువ్వు ఇంట్ల కూసోని పాలు కాగబెట్టు. పొంగనియ్యకు."