ఏడు రాని లెక్క

"ఊరికే చేసే పనికి అంత తొందరేంటమ్మా? ముందు పనసపొట్టు కానీ," అన్నారు అత్తగారు.

ఊరికే చేసే పనట! హారికకి నవ్వూ వచ్చింది, ఒళ్ళూ మండింది. పనసకాయ కొట్టడం మాత్రం ఊరికే చేసే పని కాదా? పొద్దున్న అయిదింటినుంచి తను చేసేవన్నీ ఊరికే చేసేవే. కాకపోతే వీటికి తొందర ఉండాలి, లాప్‌టాప్ పనికి ఉండకూడదు, అంతే తేడా. అమలాపురంలోని ఆ ఇంట్లో ఏసీ గది భర్త నాగసతీష్‌ది. తలుపేసుకుని కంపెనీ మీటింగులన్నీ అందులోంచే నడుపుతాడు. ఆమె లాప్‌టాప్ మాత్రం వంటింటి పక్క బల్ల మీద, ములక్కాడల కట్టకి ఆనించి ఉంటుంది. జిగురంటకుండా నూనె రాసుకున్న చేతులు తుడుచుకుని మీటలు నొక్కాలి.

నోటితో చెప్పే లెక్క విని అంకెలు వేసే తెలుగు ప్రోగ్రాం అది. ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు. రాసేవాళ్ళంతా తీరిక చేసుకుని రాసేవాళ్ళే. అందులోని ఏ ఫైలు ఎవరిది, ఏ షరతు మీద ఇచ్చారు అని చూసే పని ఆరునెలల కిందట హారిక తీసుకుంది. నిన్న ఒక ఫిర్యాదు వచ్చింది. ఆ ప్రోగ్రాం ఆరు వింటోంది, ఎనిమిది వింటోంది, ఏడు మాత్రం వినడం లేదు. "ఆ అంకెల ఫైలు మనకెక్కణ్ణించి వచ్చిందో చూడండి హారిక గారూ," అన్నారు అందరి పనీ కూర్చే కృపారావు గారు ఇవాళ పొద్దున్న ఫోన్లో. "సాయంత్రం అయిదుకి విడుదలండి. తేలకపోతే తీసేద్దాం, ఆయ్."

ఫైలు తెరిచింది. ఏడు ఉండాల్సిన చోట 'ఆరున్నొకటి' అని ఉంది.

ఏడు రాని లెక్క లోకంలో ఎవరు రాస్తారు? తనే రాసింది! ఎంసీఏ చదివేటప్పుడు, మలికిపురంలో అమ్మ అచ్చమ్మ కొబ్బరికాయలు జతలు జతలుగా విసురుతూ లెక్కపెడుతుంటే పక్కన ఫోన్ పెట్టి రికార్డు చేసింది. ఏడంటే ఏడుపని, పంట ముందు ఆ అంకె అనకూడదని అమ్మ పట్టింపు. ఆరు, ఆరున్నొకటి, ఎనిమిది. అమ్మ నోట రాని మాటని ప్రోగ్రాంకి నేర్పాలన్న ధ్యాసే లేకపోయింది ఆ పిల్లకి. ఎనిమిది నెలలు కూర్చుని రాసి, నెట్‌లో అందరికీ ఇచ్చేసింది. ఒక్కటే షరతు, మొదటి వరుస చెరపకూడదు. 'గొంతు అచ్చమ్మది, రాత హారికది.'

ఇప్పుడా వరుసలో ఏముందో తెలుసా? 'రాత నాగసతీష్‌ది, హక్కులు కంపెనీవి.'

తన పాత ఫైలు తీసి పక్కన పెట్టింది. అది నలభయ్యొక్క విడతలుగా పెరిగింది, చివరి విడత తారీఖు పెళ్ళికి తొమ్మిది రోజుల ముందుది. ఇదేమో రెండేళ్ళ కిందట ఆయన కంపెనీ నుంచి ఒక్క రోజులో, ఒక్క ముద్దగా వచ్చి పడింది. పెళ్ళైన కొత్తలో ఆయన అన్న మాట గుర్తొచ్చింది. "ఇలాంటివన్నీ నా లాప్‌టాప్‌లో పెట్టు, భద్రంగా ఉంటాయి." భద్రంగానే ఉంది పాపం! దీనికే కదా కంపెనీవాళ్ళు ఆయనకి శాలువా కప్పేరు. ఆ రోజు ఇంటికొచ్చిన పాతికమందికీ వండి వడ్డించింది కూడా తనే.

వెళ్ళి గది తలుపు తట్టింది. "ఏవండీ, ఈ ఫైల్లో ఏడెందుకు లేదు?"

నాగసతీష్ తెరవైపు చూసి, ఆమెవైపు చూసి, "అదేదో బగ్ లే," అన్నాడు.

"ఎవరి బగ్గండీ?"

"నీదైతే ఏంటి, నాదైతే ఏంటి హారికా? ఒకింట్లోవాళ్ళం. సరిగ్గానే ఉందని రిపోర్టు పంపించెయ్. కంపెనీకి తెలిస్తే నా ఉద్యోగం పోద్ది."

"మొగుడికి పేరొస్తే పెళ్ళానికి రానట్టా?" వెనకనించి అత్తగారు అందుకున్నారు.

హారికకి భయం వేసింది. వెయ్యదూ మరి? రేపటినించి ఈ ఇంట్లో కంచం పెట్టే చప్పుడు కూడా తప్పుగానే వినబడుతుంది. కానీ నోరు దానంతటదే తెరుచుకుంది.

"పనసపొట్టుకి నేనెప్పుడూ పేరడగలేదండి అత్తయ్యగారూ. ఇది మా అమ్మ గొంతు."

బల్ల దగ్గరికొచ్చి రిపోర్టు రాసింది. 'రాసింది నేను. పేరు చెరిపింది నా భర్త. కాబట్టి నా మాట నమ్మకండి. నలభయ్యొక్క విడతలూ తారీఖులతో జతచేశాను, మీరే సరిచూసుకోండి.' పంపేసింది.

నాలుగున్నరకి కృపారావు గారు ఫోన్ చేశారు. "ముగ్గురం సరిచూసేమండి. మీదే. తీసెయ్యమంటారా, ఉంచమంటారా? మీ ఇష్టం అండి."

మీ ఇష్టం! ఆ మాట విని ఎన్నాళ్ళయిందో. గుమ్మంలో నాగసతీష్ వద్దు వద్దని తల ఊపుతున్నాడు.

"ఉంచండి. మొదటి వరుస తిరిగి పెట్టి ఉంచండి. ఏడు నేను నేర్పుతాను," అని ఫోన్ పెట్టేసింది.

"రేపు ఆఫీసులో అడిగితే నేనేం చెప్పను?" అన్నాడతను.

"రాసింది ఎవరో చెప్పండి. మీరింతవరకూ చెప్పనిది అదొక్కటేగా."

సగం కొట్టిన పనసకాయా, కత్తీ అతని ముందుకి జరిపి, లాప్‌టాప్ తీసుకుని ఏసీ గదిలోకి నడిచింది.

"చేతులకి నూనె రాసుకోండి. జిగురు ఓ పట్టాన వదలదు."