రాతి మీద నలభై రెండు

నందిగామలో ఒక ప్రైవేటు కాలేజీ మూడో అంతస్తులో, పురుగులు బతికున్నాయో లేదో చూసే ఉద్యోగం జాయిస్‌ది. మిల్లీమీటరు పొడవు పురుగులు. అరచేతిలో పట్టే ప్లాస్టిక్ పళ్ళేల్లో పాకుతుంటాయి. రోజూ పొద్దున్నే మైక్రోస్కోపు కింద పెట్టి, సన్నటి తీగ కొసతో ఒక్కోదాన్నీ తాకాలి. కదిలిందా, ఉన్నట్టు. మూడుసార్లు తాకినా కదలకపోతే తారీఖు వేసి లెక్కలోంచి కొట్టేయాలి. మామూలు పురుగు మూడు వారాలకు మించి బతకదు. ఒకే ఒక్క జన్యువు చెడిన రకం మాత్రం దానికి రెట్టింపు బతుకుతుంది.

జాయిస్‌కి నలభై ఒకటి. పెళ్ళి కాలేదు. అమ్మ పోయి ఆరేళ్ళు. అద్దె గదిలో ఒక కంచం, ఒక గ్లాసు.

ఆమె మనసులో ఒక లెక్క ఉంది. తాత మోజెస్, పెదనాన్న ఏసురత్నం, నాన్న ఏలీయా, ముగ్గురూ నలభై రెండుకే పోయారు. జగ్గయ్యపేట సమాధుల దొడ్లో మూడు రాళ్ళ మీదా అదే అంకె. తాతనీ పెదనాన్ననీ ఆమె ఎరగదు. నాన్న మిరపచేలో గుండె పట్టుకుని కూలబడ్డప్పుడు ఆమెకి పద్నాలుగు. ఎమ్మెస్సీలో ఈ పురుగుల పాఠం విన్నరోజు ఆ రాళ్ళ మీది అంకె గుర్తొచ్చింది. ఒక జన్యువు ఆయుష్షుని రెట్టింపు చేస్తుంటే, ఇంకోటి సగానికి కొయ్యదా? ఆ ఏడే, పెళ్ళి చేసుకుందామన్న వెస్లీని వద్దంది. ఎందుకో చెప్పలేదు. అతను రెండేళ్ళు చూసి, మైలవరం పిల్లని చేసుకున్నాడు.

వచ్చే ఏడు నలభై రెండు. ఇక ఉండబట్టలేక, ల్యాబు చూసుకునే వీరేంద్ర సారుకి కాగితం మీద వంశమంతా గీసి చూపించింది.

"హైదరాబాద్‌లో తెలిసినవాళ్ళున్నారు, జన్యు పరీక్షకి మీ రక్తం పంపిద్దాం జాయిస్ గారూ," అన్నాడాయన. "కానీ ఈ వయసులకి ఆధారం ఏంటి?"

"రాళ్ళ మీద ఉంది సార్."

"రాళ్ళ మీద ఎవరు చెప్తే వేశారు? పుట్టినరోజు తెలీని పురుగుని మనం లెక్కలో ఉంచుతామా?"

సమాధుల పండగకి ముందురోజు జగ్గయ్యపేట బస్సెక్కింది. మేనత్త రత్నమణి అప్పటికే కొంగు నడుముకి చుట్టి, బకెట్లో సున్నం కలుపుతోంది.

"వచ్చావా తల్లీ! మూడేళ్ళ నుంచీ ఈ ముగ్గురు మగాళ్ళకీ నేనొక్కదాన్నే సున్నం కొట్టి చస్తన్నా. ఆ బ్రష్షు పట్టు."

జాయిస్ ముందు, సారుకి చూపించడానికి రాళ్ళ ఫోటోలు తీసుకుంది. తర్వాత అడిగింది.

"అత్తా, తాత నలభై రెండుకే ఎట్టా పోయాడు?"

"నలభై రెండా?" రత్నమణి నవ్వింది. "మీ తాతకి నోట్లో పన్నొక్కటీ లేదే. ముద్ద నలిపి పెట్టేదాన్ని."

"మరి ఇది?"

"రాయి చెక్కేవాడు వయసెంతమ్మా అన్నాడు. ఎవరికి తెలుసు? వాడి దగ్గర ఎవరికో చెక్కిన రాయి ఉంది, నలభై రెండని. బాగానే ఉంది, అట్టాగే వెయ్యమంది మీ నాయనమ్మ."

"పెదనాన్నకి?"

"ఆయన పోయినప్పుడు మీ నాన్న ఇదే రాయి చూపించి, అచ్చం ఇట్టాగే చెక్కవయ్యా అన్నాడు. పేరు మార్చాడు గానీ అంకె మార్చలా. పెద్దన్నకి యాభై ఉంటయ్యిలే. మీ నాన్నది మాత్రం నిజం. వాడొక్కడే బళ్ళో చదివాడు, పుట్టినరోజు అక్కడ రాసుంది."

బ్రష్షు నుంచి సున్నం జాయిస్ చెప్పుల మీద కారుతోంది.

"నాకెందుకు చెప్పలేదత్తా?"

"నువ్వడిగావా? దీని గురించి అడిగేవాళ్ళుంటారని నాకేం తెలుసు?"

"దీన్ని చూసే నేను పెళ్ళొద్దన్నా."

రత్నమణి చేతిలో సున్నం కలిపే కర్ర ఆగిపోయింది.

"మేమేమో, చదువుకున్న పిల్ల, ఏదో పెద్ద కారణమే ఉంటుందిలే అనుకున్నాం," అంది. "అడిగితే ఏమనుకుంటావో అని అడగలా."

జాయిస్‌కి ఏడుపు రాలేదు. దాదాపు ఇరవై ఏళ్ళుగా ప్రతి పుట్టినరోజుకీ ఇంకెన్నేళ్ళని తీసివేసుకుంటూ వచ్చింది. ఇప్పుడు ముందు ముప్ఫై ఏళ్ళుండొచ్చు, నలభై ఉండొచ్చు. అన్నేళ్ళకీ తను ఏమీ సిద్ధం చేసుకోలేదు. చావుకి భయపడటం ఆమెకి బాగా అలవాటు. ఇదే కొత్త.

పక్క సమాధుల దగ్గర ఎవరి పిల్లలో బంతిపూల కోసం కొట్టుకుంటున్నారు. అత్తా మేనకోడలూ మూడు రాళ్ళకీ సున్నం పూశారు. బకెట్ ఖాళీ అయ్యాక జాయిస్ చేతులు కడుక్కుని, తల ఎత్తకుండా అడిగింది.

"అత్తా, ఇవాళ నీ దగ్గర పడుకోనా?"

ఇన్నేళ్ళలో ఆమె ఎవర్నీ అలా అడగలేదు. రత్నమణికి అది తెలుసు. అయినా తెలిసినట్టు కనపడనివ్వలేదు.

"మంచం ఒకటేనే. పైగా గురక పెడతా, ముందే చెప్తన్నా."

"పెట్టు," అంది జాయిస్.