బాతు సంచీలో సర్దినవి

మార్కెత్తా వంటింటి బల్ల మీద పాత తోలుసంచీ తెరిచిపెట్టి ఒక్కొక్కటే సర్దుతోంది. చెక్క చెంచా, ఉన్ని టోపీ, చిన్న టార్చిలైటు, రై అనే ధాన్యంతో చేసిన ఎండు రొట్టె ముక్క. బొమ్మల పుస్తకంలో అడవిబాతు దక్షిణానికి ఎగిరిపోతూ పట్టుకెళ్ళినవి ఇవే. ఇవాళ లైబ్రరీ కథల గంటలో పిల్లలు ఒక్కో వస్తువూ తీసుకుని, బాతుకి ఇదెందుకు కావాలో చెప్పి, సంచీలో వెయ్యాలి. అది మొదటి ఆట.

"మళ్ళీ సంచీయా? మీ అమ్మ పోలికలు ఎక్కడికి పోతాయిలే," అన్నాడు ఆమె భర్త రైమో, పేపరులోంచి తలెత్తకుండానే.

నలభై మూడేళ్ళుగా అదే హాస్యం. మార్కెత్తా ఆసుపత్రికి వెళ్ళినా, అక్క ఇంటికి వెళ్ళినా అదే మాట. మొదట్లో నవ్వేది. ఆ తర్వాత ఏం చేసేదో ఆమెకే గుర్తులేదు.

"పొయ్యి మీద ఏమీ లేదేం? ఇవాళ గురువారం కదా!"

ఆమె చెయ్యి ఆగిపోయింది. గురువారమంటే బఠాణీ సూపు. ఈ దేశంలో బడిలో అయినా, సైన్యంలో అయినా, ఇంట్లో అయినా అంతే. నిన్న సాయంత్రం ఆట కోసం నీలం గుడ్డ కత్తిరిస్తూ కూర్చుని, బఠాణీలు నానబెట్టడం మరిచిపోయింది. పెళ్ళయ్యాక ఒక్క గురువారం కూడా అలా జరగలేదు.

"నానబెట్టలేదు," అంది.

"జీతం లేని ఉద్యోగానికి ఇంత హడావిడా! పరాయి పిల్లలకి కథలు, మొగుడికి ఎండు రొట్టె."

భయం వేసింది. దాని వెనకే ఏదో తేలికదనం కూడా వచ్చింది. అది ఏమిటో ఆమెకు తెలియలేదు. లైబ్రరీకి వెళ్ళే బస్సులో సంచీ ఒళ్ళో పెట్టుకుని అదే ఆలోచన. అమ్మ వెళ్ళిన రోజు పొయ్యి మీద బఠాణీ సూపు ఇంకా వెచ్చగానే ఉంది. పదిమందికి సరిపడా వండి, గిన్నె మీద మూతపెట్టి, పొరుగుదేశం స్వీడన్లో బట్టల మిల్లులో పని దొరికిందని ఓడ ఎక్కింది. బాగా చూసుకునే తల్లి అలా వెళ్తుందా? వెళ్ళిపోయే తల్లి అంత సూపు వండుతుందా? నాన్న గొడ్లచావిడి పనీ, ఏడుగురి బట్టలూ, మంచంపట్టిన నానమ్మా అన్నీ అమ్మవే. ఒక్కరోజు కూడా ఎవరూ దాన్ని పని అనలేదు. అమ్మ మీద తనకున్నది కోపమో, అసూయో ఇన్నేళ్ళకీ తేలలేదు. "ఎవరైనా అడిగితే చచ్చిపోయిందని చెప్పు, పరువైనా దక్కుతుంది," అన్నాడు నాన్న. పెళ్ళికి ముందు అత్తగారితోనూ అదే చెప్పారు. "తల్లి లేని పిల్ల, పని నేర్పాలి," అని ఆవిడ జాలిపడింది. అత్తింట్లో నిజం తెలిసింది రైమోకి ఒక్కడికే. దాన్ని అతను హాస్యం చేసుకున్నాడు. మార్కెత్తా కన్నకూతురు సైతం అమ్మమ్మ ఊపిరితిత్తుల జబ్బుతో పోయిందనే అనుకుంటోంది.

లైబ్రరీ గది గుమ్మం దగ్గర చిన్న చిన్న బూట్లు వరసగా ఉన్నాయి. పిల్లలు ఉన్ని మేజోళ్ళతో చాప మీద కూర్చున్నారు. గది నేల చల్లగా ఉంటుందని ఆ మేజోళ్ళు అల్లింది మార్కెత్తానే. లైబ్రేరియన్ సన్ని గుసగుసగా అంది, "మార్కెత్తా గారూ, చివర్లో బాతు తిరిగొచ్చేలా చేస్తున్నారు కదా? బాతు రాకుండానే పుస్తకం ముగిసిందని పోయినసారి ఇద్దరు తల్లులు నొచ్చుకున్నారు. మీరు లేకపోతే మాకు ఈ కథల గంటే లేదు!"

పుస్తకం చివరి పేజీలో బాతు లేదు. గడ్డకట్టిన చెరువు ఒడ్డున బాతు నేస్తం చిట్టెలుక ఒక్కతే ఆకాశంకేసి చూస్తూ ఉంటుంది. అందుకే నీలం గుడ్డతో బాతుని కుట్టింది. సంచీ లోపలి జేబులోంచి దాన్ని తీసి ఎగరేస్తే పిల్లలు చప్పట్లు కొడతారు. అది ఆఖరి ఆట.

చెంచా, టోపీ, టార్చి అన్నీ సంచీలోకి వెళ్ళాయి. "రొట్టె ఎందుకంటే, దారిలో ఏడుపొస్తే తినడానికి," అంది హిల్లా అనే ఐదేళ్ళ పిల్ల. అందరూ నవ్వారు. మార్కెత్తా చివరి పేజీ తిప్పింది.

"మరి బాతు ఎప్పుడొచ్చింది?" అని అడిగింది హిల్లా.

మార్కెత్తా లోపలి జేబులో చెయ్యి పెట్టింది. మెత్తటి గుడ్డ వేళ్ళకి తగిలింది. గుమ్మం దగ్గర సన్ని కళ్ళతోనే "తియ్యండి, తియ్యండి," అంటోంది. తిరిగొచ్చిందని చెబితే ఎవరిని ఓదార్చినట్టు? ఈ పిల్లనా, ఒకప్పుడు అమ్మ సూపు గిన్నె పక్కన నిలబడ్డ ఆ పిల్లనా?

"మీకు తెలీదా?" అంది హిల్లా.

"తెలీదు. బాతు వెళ్ళింది. ఎలుక చూస్తూ ఉంది. పుస్తకంలో అంతే."

"మీ ఇంట్లోంచి ఎవరైనా అలా వెళ్ళారా?"

మార్కెత్తా ఖాళీ చెయ్యి బయటికి తీసి సంచీ మూసింది.

"వెళ్ళారు," అంది. "మా అమ్మ. చచ్చిపోలేదు. వెళ్ళింది. పంతొమ్మిది వందల అరవై అయిదు, అక్టోబరు ఏడు, గురువారం. తిరిగి రాలేదు."