తాళం వేసిన వీడియోలు

మిక్సీలు బాగుచేసే అతన్ని వీధిలో అందరూ తీసిపెట్టు మేస్త్రీ అంటారు. ఏ వస్తువు తెచ్చినా ముందు ప్లగ్గు ఊడదీసి, కాసేపాగి మళ్ళీ పెట్టి చూడటం అతని మొదటి వైద్యం. సగం రోగాలు దానికే కుదురుతాయి. మొగుడూ పెళ్ళాలు పోట్లాడుకుని వచ్చినా ఇద్దర్నీ ఊడదీసి మళ్ళీ తగిలిస్తాడని పక్క కొట్టు టైలరు ఎగతాళి చేసేవాడు. ఏడాదిగా ఆ టైలరు కూడా అతనితో హాస్యాలాడటం మానేశాడు.

మేస్త్రీ కూతురు జ్వరంతో పోయింది. ఎనిమిదేళ్ళ పిల్ల. ఇంట్లో పిడుగు అని పిలిచేవారు. పిల్ల వీడియోలన్నీ అతని ఫోన్లోనే ఉన్నాయి. భార్య ఎవరి నంబరు కోసమో ఫోను తీసినప్పుడల్లా అవి కళ్ళబడి, చేస్తున్న పని వదిలేసి కూలబడిపోయేది. అందుకని అతను వాటిని ఉచితంగా దొరికిన ఒక వీడియో ప్లేయర్ యాప్‌లోకి మార్చాడు. అందులో తాళం గది అని ఒకటుంది. దాంట్లో పెట్టినవి బయటెక్కడా కనపడవు. నీకెప్పుడు చూడాలనిపిస్తే అప్పుడు అడుగు అని భార్యకు చెప్పాడు. ఆమె అడగలేదు.

అతను మాత్రం కొట్టులో ఒంటరిగా ఉన్నప్పుడు చూసుకునేవాడు. ఈ మధ్య ఫోను ఊరికే పక్కన పెట్టినా వేడెక్కుతోంది. పొద్దున ఛార్జింగు నింపితే మధ్యాహ్నానికి ఖాళీ. ఎవరో కనపడకుండా వాడుతున్నట్టే ఉండేది. పాతదైపోయిందిలే అనుకున్నాడు.

ఆ రోజు మధ్యాహ్నం భోజనాలయ్యాక కంచాలు తీస్తూ తీస్తూ భార్య ఆగింది.

“జడ వేయించుకోనని మంచం చుట్టూ పరిగెత్తింది చూడండి, అదొక్కటి పెట్టండి,” అంది.

అతను చేతులు తుడుచుకుని ఫోను తీశాడు. యాప్ తెరుచుకోలేదు. నల్లటి తెర వచ్చి మాయమైంది. మళ్ళీ నొక్కినా అంతే. భార్య పక్కనే చాప మీద కూర్చుని ఉంది. ఇన్నాళ్ళకు అడిగిన మనిషితో రేపు చూద్దాంలే అనడానికి అతనికి నోరు రాలేదు. చెయ్యి తన అలవాటు ప్రకారం పోయింది. యాప్‌ను తీసేశాడు. ఫోను ఏదో హెచ్చరిక చూపించింది. మిక్సీల మీద అంటించిన కాగితాలను చదవనట్టే దాన్నీ చదవలేదు. కాసేపాగి, మళ్ళీ పెడదామని యాప్ స్టోర్‌లో వెతికాడు.

అది అక్కడ లేదు. ఒక్కో అక్షరమే సరిచూసుకుంటూ మళ్ళీ పేరు కొట్టాడు. దాని పోలికలున్నవి బోలెడు వచ్చాయి గానీ అది లేదు.

కంప్యూటర్ల కంపెనీలో పనిచేసే బావమరిదికి ఫోన్ చేసి, భార్యకూ వినపడేలా స్పీకర్ పెట్టాడు. ఆ యాప్‌ను నిన్ననే స్టోర్‌లోంచి తొలగించారట. జనం ఫోన్లలోని వీడియోలను చడీచప్పుడు లేకుండా ఎక్కడికో పంపుతోందని బయటపడిందట. ఎవరికో, ఎందుకో ఇంకా తెలియదట.

“నువ్వు దాన్ని తీసెయ్యలేదు కదా బావా?” అన్నాడు. “తాళం వేసినవి దాంతోపాటే పోతాయి.”

ఇప్పుడే తీసేశానన్నాడు మేస్త్రీ. ఇంకెక్కడైనా దాచావా అని బావమరిది మెల్లగా అడిగాడు. లేదు. బయట ఎక్కడ దొరికినా ఆ యాప్ జోలికి మాత్రం పోవద్దని మరీ మరీ చెప్పి పెట్టేశాడు.

భార్య ఏడవలేదు.

“అయితే మన పిడుగు వాళ్ళ దగ్గరుందన్నమాట,” అంది.

ఆ గొంతులో భయం లేదు, ఆశ ఉంది.

వెతకమంది. పెద్దగా వెతక్కుండానే దొరికింది. తొలగించిన ప్లేయర్ ఇక్కడ ఉచితం, మీ పాత తాళం గది యథాతథంగా తెరవబడును అని రాసి ఉన్న పేజీ, వీళ్ళ కోసమే కాచుక్కూర్చున్నట్టు. మీ తమ్ముడు వద్దన్నాడు కదా అని గొణిగాడు.

“వాడికి పిల్లల్లేరు,” అంది ఆమె.

నొక్కాడు. కెమెరా వాడుకోనా అని యాప్ అడిగింది. మైకు వాడుకోనా అంది. నంబర్లు చూడనా, మెసేజీలు చదవనా అంది. అడిగినప్పుడల్లా అతను భార్య ముఖంలోకి చూశాడు. ఆమె తలూపింది.

చివరికి తెర మధ్య ఒక గుండ్రం తిరగసాగింది. కొద్దిసేపు ఆగండి అని దాని కింద ఉంది. ఇద్దరూ తలలు దగ్గరకు చేర్చి ఫోను మీదికి వంగారు. తెర పై మూలన, కెమెరా పనిచేస్తున్నప్పుడు వెలిగే పచ్చటి చుక్క వెలిగింది. అతను చూశాడు. ఫోనును మాత్రం పక్కకు తిప్పలేదు. ఆమె అరచేత్తో తెర తుడిచి, ఇంకాస్త దగ్గరికి జరిగింది.