నూనె పెట్టిన సుత్తి

కలప కొనేవాడు దుంగను మెచ్చుకోకూడదు. ఆత్మకూరులో వేలానికి పోయినప్పుడు నాకు నచ్చిన దుంగను కాలితో తన్ని డొల్ల అంటాను, మెలి తిరిగిందంటాను, లోపల చెద ఉందంటాను. నచ్చని దుంగ దగ్గర మాత్రం కాసేపు నిలబడి గడ్డం నిమురుకుంటాను. నంద్యాలలో ఇరవై రెండేళ్లుగా కలప అడితి, దాని పక్కన కోతమిల్లు ఈ పద్ధతి మీదే నడిపాను.

1983 ఫిబ్రవరిలో అండమాన్‌కు పోయినప్పుడు కూడా ఇదే పద్ధతి పట్టుకొని పోయాను. అక్కడినుంచి నేను తెచ్చుకోవలసిన సరుకు మా చెల్లెలి మొగుడు దావీదు.

దావీదుది ఆళ్లగడ్డ. మా మిల్లులో రంపం బాగుచేసే పని, కోత చూసే పని అతనివి. రంపం బద్ద తిరిగి తిరిగి వేడెక్కి సాగిపోతుంది. దాన్ని ఇనప దిమ్మె మీద పరిచి, చిన్న సుత్తితో తట్టి మళ్లీ బిగువు తేవాలి. ఎక్కడ తట్టాలో కంటికి కనపడదు, చేతికి తెలియాలి. దావీదు చేతికి తెలిసేది. అతను తట్టిన రంపంతో కోసిన పలకకు చిత్రిక పట్టే పని సగం తగ్గేది.

1976లో అహోబిలం నుంచి కృష్ణస్వామి గారు ఉత్సవ వాహనానికి పలకలు కోయించుకోవడానికి వచ్చారు. ఆ దుంగలో ఒక పలక ఎక్కువ తియ్యమని దావీదుకు చెప్పింది నేనే. ప్రతి పలకా చెప్పిన మందానికి పావంగుళం తక్కువ వచ్చింది. కృష్ణస్వామి కొలబద్ద పెట్టి చూసి, తలెత్తి నా వైపు చూశారు. నేను దావీదు వైపు చూశాను. వీని చెయ్యే వంకర స్వామీ, చెల్లెలి మొగుడని పనిలో పెట్టుకుంటే ఇట్లా తగలబెట్టినాడు అన్నాను. వేరే పలకలు కోయించి ఇచ్చాను. ఖాతాదారు నిలిచాడు. దావీదు మాత్రం సుత్తిని దిమ్మె మీద పెట్టి, చేతులు తుడుచుకొని వెళ్లిపోయాడు. నెల తిరగకముందే మా చెల్లెలు సువార్తమ్మను తీసుకొని ఓడెక్కాడు. అండమాన్‌లో ఒక కోతమిల్లులో కుదిరాడని తరువాత ఉత్తరం వచ్చింది.

ఈ ఏడేళ్లలో ఐదుగురు రంపంవాళ్లు వచ్చి పోయారు. ఒకడు తట్టిన రంపం తెగింది. ఇంకొకడు తట్టిన రంపంతో కోస్తే పలకలు అలల్లాగా వచ్చాయి. పాత ఖాతాదారులు కర్నూలు దారి పట్టారు. కృష్ణస్వామి కూడా ఈమధ్య రావడం మానేశారు. ఆ పావంగుళానికి ఇంత తరుగు పోతుందని ఆ రోజు ఎవడు లెక్కవేశాడు? అందుకని బయలుదేరాను. గుమాస్తా శ్రీనివాసులుతో అక్కడి కలప చూసి వస్తానని చెప్పాను.

సంచిలో చెల్లెలి కోసం జొన్నపిండి, రెండు పంచెలు, గుడ్డలో చుట్టిన దావీదు సుత్తి పెట్టుకున్నాను. ఆ సుత్తిని అతను పోయినప్పటినుంచి ఎవరి చేతికీ ఇవ్వలేదు. నెలకొకసారి నేనే నూనె రాసి గోడకు తగిలించేవాణ్ణి. దాన్ని అతని ముందు పెట్టి, పద పోదాం, అంటే సరిపోతుంది, అంతకు మించి మాట ఖర్చు ఉండదు అనుకున్నాను.

మద్రాసులో ఓడెక్కాను. మూడు రోజుల ప్రయాణంలో నేను తిన్నదానికంటే సముద్రానికి వెనక్కి ఇచ్చిందే ఎక్కువ. పోర్ట్‌బ్లెయిర్‌లో దిగి మళ్లీ చిన్న పడవలో ఒక పూట పోతే దావీదు ఉండే ఊరు వచ్చింది. ఊరంటే పాతిక కొయ్య ఇండ్లు. ముందు సముద్రం, వెనక అడవి. సువార్తమ్మ పడవరేవుకు వచ్చింది. కష్టాల్లో ఉండి చిక్కిపోయి ఉంటుందని లెక్కవేసుకొని వచ్చాను. ఒళ్లు చేసి, నవ్వుతూ ఉంది. బేరంలో నాకు మొదటి దెబ్బ అదే.

మరునాడు బీచి చూపిస్తానని తీసుకుపోయింది. తెల్లటి ఇసుక మైళ్ల పొడుగునా పడి ఉంది. మనిషి లేడు, బండి లేదు, అంగడి లేదు. నీళ్లు పచ్చగా, అద్దంలా ఉన్నాయి. చూడు అన్నా, ఎంత నెమ్మదిగా ఉందో అంది. ఇసుక మా కుందూ ఏట్లో లేదా అన్నాను. కుందూ ఇసుకతో ఇల్లు కట్టుకోవచ్చు, ఈ ఉప్పిసుకతో కడితే గోడ నిలవదు. నీళ్లా, ఇన్ని ఉండి ఒక్క గుక్క తాగేందుకు లేదు. ఒక ఎకరాకు పారించేందుకు లేదు. దేవుడు ఇంత నీటిని ఇంత దండగగా ఎక్కడా పెట్టలేదన్నాను. సువార్తమ్మ నవ్వింది.

ఆ పై రోజు దావీదు అడవిలోకి తీసుకుపోయాడు. అక్కడ నేను నిజంగానే నోరు అదుపులో పెట్టుకోవలసి వచ్చింది. నల్లమలలో ముప్పై ఏళ్లు తిరిగినవాణ్ణి, అట్లాంటి మాన్లు చూడలేదు. నూరడుగుల ఎత్తుదాకా ఒక్క కొమ్మ లేదు. మొదట్లో వేర్లు గోడల్లాగా లేచి ఉన్నాయి, ఒక్కొక్క గోడ వెనక ఇద్దరు మనుషులు దాక్కోవచ్చు. పైన ఆకు ఎంత దట్టమంటే మధ్యాహ్నం కూడా కింద మసక. వానాకాలం కాకపోయినా ఆకుల నుంచి నీళ్లు చుక్కలు చుక్కలుగా పడుతున్నాయి. ఒక మానును కాలితో తన్ని, నీరు పట్టిన కర్ర, ఆరితే పగులుతుంది అన్నాను. దావీదు నా కాలి వైపు చూశాడు.

ఆ సాయంత్రం ఇంట్లో ప్రార్థన చేశారు. దావీదు నంద్యాలలో తనకు తెలిసినవాళ్లందరి పేర్లూ చెప్పి వాళ్ల క్షేమం అడిగాడు. మా గుమాస్తా శ్రీనివాసులు పేరు కూడా చెప్పాడు. నా పేరు వచ్చేచోట కాస్త ఆగి, ఇంటికొచ్చిన చుట్టాన్ని క్షేమంగా చేర్చు తండ్రీ అన్నాడు. ఏడేళ్లకు నా హోదా చుట్టమైంది.

ఆ మరునాడు గుహ. సముద్రం పక్కనే సున్నపురాతి కొండ ఉంది, దాని కడుపులోకి చీలిక లాంటి దారి. దావీదు టార్చి పట్టుకొని ముందు నడిచాడు. పైనుంచి రాయి కరిగి కారినట్టు వేలాడుతోంది, కింద నుంచి మొలిచినట్టు లేస్తోంది. గబ్బిలాల కంపు. బయటికి వచ్చాక ఎట్లుంది బావా అని అడిగాడు.

"దీనికోసం మూడు దినాలు కక్కుకుంటా రావాల్నా? మా బెలుం కాడ దీనికి పదింతల బిలం ఉంది. ఊరోళ్లు దాంట్లో చెత్త పోస్తాండారు."

దావీదు టార్చి ఆర్పి రాతి మీద కూర్చున్నాడు. "నీళ్లను తిట్టినావు, మానును తన్నినావు, గుహలో చెత్త పోసినావు. ఆత్మకూరు వేలంలో నీ పక్కన నేను ఎన్నేండ్లు నిలబడినా బావా? ఇంత తిడ్తాండావంటే ఏందో కొనేదానికే వచ్చినావు. అదేందో అడుగు."

"ఈడ కొనేదానికి ఏముందప్పా" అన్నాను.

"సరే" అన్నాడు. టార్చి చంకలో పెట్టుకొని లేచాడు.

ఇంటికి వచ్చాక పొయ్యి దగ్గర సువార్తమ్మ నన్ను పట్టుకుంది. మార్చితో అక్కడి మిల్లులో దావీదు ఒప్పందం తీరిపోతుందట. ఉంటావా పోతావా అని వాళ్లు అడుగుతున్నారట, దావీదు ఇంకా జవాబు చెప్పలేదట. నేను వస్తున్నానని ఉత్తరం అందిన రోజు నుంచి తన పనిముట్లన్నీ పెట్టెలో సర్ది పెట్టుకున్నాడట.

"ఒక్క మాట అను అన్నా. ఆ పొద్దు తప్పు నాదే అను. లేదా, నువ్వు లేక మిల్లు నడవలేదను. రెండిట్లో ఏదైనా చాలు. ఆ మనిషి పడవ కాడికి నీకంటే ముందు పోతాడు."

ఆలోచిస్తాను అన్నాను. నిజంగానే ఆలోచించాను. కొనేవాడే సరుకు విలువను పెంచి చెప్పడం నేను జన్మలో చెయ్యలేదు. పైగా నా దగ్గర సుత్తి ఉంది. మాటలు చేసే పని అది చేస్తుంది. పడవ ఎక్కే ముందు తీసి చూపిస్తాననుకున్నాను.

మరునాడు పొద్దున పడవ దూరంగా లంగరు వేసింది. అప్పుడు సముద్రం వెనక్కి పోయి ఉంది, రేవు పక్కన ఇసుక గట్టిగా, విశాలంగా ఉంది. మోసుకు తిరగడం ఎందుకని సంచిని అక్కడే ఇసుకలో పెట్టి అన్నానికి బయలుదేరాను. పైన పెట్టు అన్నా, నీళ్లొస్తాయి అంది సువార్తమ్మ. మా కుందూలో ఎండాకాలమంతా బండ్లు ఇసుకలోనే వదిలి ఊళ్లోకి పోయి వస్తాం. నీళ్లు ఏడాదికి ఒకసారి వస్తాయి, అదీ ముందు చెప్పి వస్తాయి. మీ సముద్రం నా సంచి కోసం వస్తుందా అన్నాను.

అన్నం తిని వచ్చేసరికి ఇసుక లేదు. నేను సంచి పెట్టిన చోట నడుము లోతు నీళ్లున్నాయి. సంచి అంతకు ఇరవై గజాల అవతల, సగం మునిగి కొట్టుకుపోతోంది. దావీదు చొక్కా విప్పకుండానే దిగాడు. గుండెల లోతుకు పోయి, దాన్ని పట్టుకొని తిరిగి వచ్చాడు. పడవవాళ్లు తొందరపెడుతున్నారు. బట్టలు పిండుదామని సంచి విప్పాడు. సుత్తి కనపడుతుందని నేను ఎవరి ముందూ ఆ సంచి విప్పలేదు, చెల్లెలికి ఇవ్వని జొన్నపిండి అందులోనే ముద్దయిపోయింది. దాని కింద గుడ్డ మూట. అది విప్పాడు.

సుత్తి మీద ఉప్పునీళ్లు నిలవలేదు, ముత్యాల్లాగా జారిపోయాయి. దావీదు దాన్ని అరచేతిలో తూచాడు. పిడి మీద తన బొటనవేలు అరగదీసిన చోట వేలు పెట్టి చూసుకున్నాడు.

"ఇది నాదే." సుత్తిని తిప్పి చూశాడు. "ఏడేండ్లయినా ఒక్క తుప్పు చుక్క లేదు. దీనికి నూనె ఎవరు పెడ్తాండారు బావా?"

సువార్తమ్మ నా ముఖం వైపు చూస్తోంది. నేను అనుకున్న దానికంటే బేరం మేలుగా వచ్చి నా ముందు నిలబడింది. తప్పు నాదే అనక్కర్లేదు. నువ్వు లేక నడవలేదు అని కూడా అనక్కర్లేదు. నూనె పెట్టేది నేనే అంటే చాలు. ఒక్క మాట.

"శ్రీనివాసులు" అన్నాను. "పనిముట్లన్నీ వాడే చూస్తాడు."

నోరు ఇరవై రెండేళ్లు ఎటు తిరిగిందో అటే తిరిగింది.

దావీదు సుత్తిని మళ్లీ గుడ్డలో జాగ్రత్తగా చుట్టి నా చేతిలో పెట్టాడు. "అయితే ఆయప్పకే ఇయ్యి. ఇంత బాగా చూసుకున్నోడు, వాని దగ్గరే ఉండనీ."

సువార్తమ్మ తడిసిన పిండిని కాకులకు విదిలించి, సంచిని దులిపి, పిండిన పంచెలు అందులో పెట్టి నాకు ఇచ్చింది. నేను పడవ ఎక్కాక వెనక్కి చూస్తే ఇద్దరూ ఇంటి దారిలో ఉన్నారు. దావీదు బట్టల నుంచి ఇంకా నీళ్లు కారుతున్నాయి.

నంద్యాలలో దిగిన రోజు నుంచి అడితికి వచ్చినవాళ్లంతా అండమాన్ ఎట్లుందని అడిగేవాళ్లు. ఇసుక కుందూకు సాటి రాదని, గుహ బెలుం ముందు దిగదుడుపని, అడవిలో కర్ర అంతా నీరు పట్టిందని చెప్పాను. పోవాలనుకున్నవాళ్లను వద్దని ఆపాను. అవుకు నుంచి వచ్చిన ఒక ఖాతాదారు నేను చెప్పిందంతా విని, అంత పనికిరాని చోట మీ చెల్లెలు ఏడేండ్లు ఎట్లుందప్పా అన్నాడు. అతని కలప కొలతలు చూసే పనిలో పడ్డాను.

ఏప్రిల్‌లో సువార్తమ్మ ఉత్తరం వచ్చింది. దావీదు అక్కడే ఇంకో ఐదేళ్లకు సంతకం పెట్టాడట. చివర్లో శ్రీనివాసులుకు దావీదు వందనాలు చెప్పమన్నాడట. చెప్పాను. ఎందుకో అర్థంకాక శ్రీనివాసులు తల గోక్కున్నాడు. నూనె డబ్బా ఎక్కడుంటుందో కూడా వాడికి తెలియదు.

మే నెలలో ఆరో రంపంవాడు పనిలో చేరాడు. మొదటి రోజే దిమ్మె దగ్గర నిలబడి చుట్టూ చూసి, గోడకు వేలాడుతున్న సుత్తి మీద చెయ్యి వేశాడు.

"అది ముట్టుకోవద్దప్పా" అన్నాను. "పిడి వదులు. తూకం లేదు. దేనికీ పనికిరాదు."

వాడు ఇంకో సుత్తి తీసుకున్నాడు.