పొగరాయుడి పడవలో అభిప్రాయ సేకరణ

రేవులో పడవ నడిపే ఆయనకు ఊరు పెట్టిన పేరు పొగరాయుడు. అందులో పొగ ఇంజనుది, పొగరు ఆయనది. పడవ ముందు భాగంలో చుక్కాని చక్రం పట్టుకుని, ఎదురుగాలికి మీసం ఆరబెట్టుకుంటూ కూర్చుంటాడు. వెనక ఇంజను పక్కన కూర్చునేది ఆయన భార్య. తాడు లాగి దాన్ని లేపేది, మూలిగితే బుజ్జగించేది ఆవిడే. అందుకని “మీ పడవ పొగ వదులుతుందా?” అని ఆయన్ని అడిగితే “ఏదీ, ఎక్కడ?” అంటాడు. ఆవిణ్ణి అడిగితే దగ్గుతుంది.

ఇంతలో మోటార్‌సైకిళ్లూ, పెట్రోలు పడవలూ ఎంత పొగ వదలొచ్చో చెప్పే కొత్త నిబంధనలు తయారయ్యాయి. వాటి మీద ప్రజలు అభిప్రాయం చెప్పాలని రేవు పక్క హాల్లో సభ పెట్టారు. పడవలకు నిబంధన తేలికగానే ఉంది. పాత ఇంజను పొగ పరీక్ష నెగ్గితే తిరగొచ్చు. నెగ్గకపోతే ఏడాది చివరికల్లా ఆగిపోవాలి. అయితే దాన్ని నడుస్తున్న స్థితిలో అప్పగిస్తే సగం ధరకే కొత్తది ఇస్తారు.

“ఇచ్చేసి కొత్తది తెచ్చుకుందామండీ,” అంది భార్య.

“అది మా నాన్న కొన్నదే! నాకంటే వయసులో పెద్దది. పెద్దవాళ్లను ఎవరైనా మార్పిడికి ఇస్తారా?”

“పెద్దవాళ్లు ఇంతలేసి పొగ వదిలితే అరుగు మీదైనా కూర్చోనిస్తామా?”

పొగరాయుడు వినలేదు. సభ రోజు పొద్దున్నే మోటార్‌సైకిళ్లు బాగుచేసే బావమరిది షెడ్డుకు వెళ్లాడు.

“ఒరేయ్ బామ్మర్దీ, ఈ ఒక్క పూట నా ఇంజను పొగ వదలకూడదు. ఏం చేస్తావో చెయ్యి.”

“పెట్రోల్లో కలిపే నూనె తగ్గిస్తే పొగ తగ్గుతుంది బావా. దాంతోపాటు ఆయుష్షూ తగ్గుతుంది. నూనె చాలకపోతే పిస్టన్ ఒరుసుకుని పట్టేస్తుంది.”

“ఒక్క పూటేగా!”

“సరే, సగం నూనె కలుపుతా. అంతకు దిగితే నా పూచీ లేదు. అక్కకి మాత్రం చెప్పకు.”

“చెప్పి నేనెక్కడ పడుకోను?”

బావమరిది అన్నమాట ప్రకారం సగం నూనె కలిపి ట్యాంకులో పోసి వెళ్లాడు. కానీ పొగరాయుడు బావమరిది మాట నమ్మితే ఆయన పొగరాయుడెందుకవుతాడు? ‘వీడు పిరికి గొడ్డు, నూనె ఎక్కువే పోసుంటాడు’ అనుకుని, చుక్క నూనె కలపని పెట్రోలు ఇంకో డబ్బా తెచ్చి పైన గుమ్మరించాడు. ఈ సంగతి బావమరిదికీ చెప్పలేదు, భార్యకీ చెప్పలేదు. ఇంజనుకు చెప్పాల్సిన అవసరం లేదు, దానికి తెలిసిపోతుంది.

హాల్లో వేదిక మీద ఒక ఆఫీసరు మేడమ్, ఆవిడ పక్కన పొగ కొలిచే మీటరును చంటిపిల్లాడిలా ఒళ్లో పెట్టుకుని ఒక నిపుణుడూ కూర్చున్నారు. బళ్లవాళ్లు పడవల వైపు వేలు చూపించారు. పడవలవాళ్లు బళ్ల వైపు చూపించారు.

“మా బండి వదిలేది పొగ కాదు మేడమ్,” అన్నాడు ఒక మోటార్‌సైకిలాయన. “కష్టపడుతుంది కదా, ఆవిరి.”

“ఆ ఆవిరికి నా తెల్లచీర నల్లచీర ఎందుకైంది నాయనా?” అని వెనక నుంచి ఒక ముసలమ్మ లేచింది.

“మీ అభిప్రాయం మైకులో చెప్పండమ్మా,” అంది మేడమ్.

“ప్రాయం ఎప్పుడో పోయింది తల్లీ, అభి ఒక్కటే మిగిలింది. అది చెప్పేశాగా,” అని ముసలమ్మ కూర్చుంది.

పొగరాయుడు మీసం దువ్వుకుంటూ లేచాడు. “మాటలెందుకు? నా పడవ ఎక్కండి. అవతలి ఒడ్డుకు చేరేలోగా పొగ కనిపిస్తే ఇంజను మీకే. కనిపించకపోతే నెగ్గిందని రాయండి.”

భార్య ఆయన చొక్కా పట్టి లాగింది. చొక్కా వచ్చింది గానీ మనిషి రాలేదు.

మేడమ్, నిపుణుడు, బావమరిది పడవెక్కారు. హాలంతా గట్టు మీదికొచ్చి నిలబడింది. పొగరాయుడి భార్య తాడు లాగింది. ఇంజను లేచింది. పొగ లేదు! ఆవిడ అలవాటు కొద్దీ ఒకసారి దగ్గి, దగ్గడానికి కారణం కనబడక ఆగిపోయింది. తమ్ముడి వైపు చూసింది. తమ్ముడు ఆకాశం వైపు చూశాడు.

నిపుణుడు మీటరు గొట్టం చాపి, ముక్కు మీది కళ్లద్దాలు పైకి తోసుకున్నాడు. “ఆశ్చర్యంగా ఉంది. అవతలి ఒడ్డుదాకా ఇలాగే ఉంటే రాసేస్తాను.”

“రాయండి సార్, పెద్దక్షరాలతో రాయండి!” అన్నాడు పొగరాయుడు.

సరిగ్గా ఏటి నడుమకు వచ్చేసరికి ఇంజను కీచుమంది. ఇంకోసారి ఇంకా గట్టిగా కీచుమంది. ఠప్పున ఆగిపోయింది. అంత నిశ్శబ్దం ఆ పడవ పుట్టాక ఎరగదు.

భార్య తాడు లాగింది. అది కదల్లేదు. బావమరిది చెయ్యి పెట్టి చూసి, చుర్రుమంటే తీసి నోట్లో పెట్టుకున్నాడు.

“పట్టేసిందక్కా. ఇక లేవదు.”

“ఎంత నూనె పోశావురా?”

“సగం. అమ్మతోడు, సగమే తగ్గించా.”

ఆవిడ మొగుడి వైపు తిరిగింది. “మీరు?”

“నేనేం చెయ్యలేదు. కాస్త పెట్రోలు…”

“కాస్తంటే?”

“కాస్తంటే… డబ్బా.”

“పిస్టన్‌కి నూనె లేదు గానీ మీసాలకు సంపెంగ నూనె!” అంది ఆవిడ.

బావమరిది వాతావరణం తేలిక చేద్దామనుకున్నాడు. “పోనీలే బావా, వీళ్లు సీజ్ చేస్తారని భయపడ్డాం. వీళ్లకు శ్రమ లేకుండా అదే సీజ్ అయింది.” ఎవరూ నవ్వలేదు. పడవ మాత్రం వాలుకు కొట్టుకుపోసాగింది.

నిపుణుడు గొట్టం చుట్టేశాడు. “పరీక్ష పోయింది. పైగా నడవని ఇంజను మార్పిడికి కూడా పనికిరాదు.”

అప్పుడు పొగరాయుడి మీసం వాలింది. పాతది పోయింది, కొత్తది రాదు. రేపటి నుంచి ఆ కుటుంబానికి పడవ ఉంటుంది గానీ దాటడం ఉండదు.

భార్య చెక్కల కింద నుంచి తెడ్డు తీసింది. ఆవిడ తండ్రి తెడ్డుతో ఏరు దాటించినవాడు. ఆ విద్య తమ్ముడు స్పానరుకు అమ్ముకున్నాడు గానీ అక్క దాచుకుంది. నాలుగు పట్లు వేసేసరికి పడవ మాట వింది. ఐదో పట్టు వెయ్యకుండా తెడ్డు ఒళ్లో పెట్టుకుంది.

“అమ్మా, మీరు ఎక్కాక ఇంజను నడిచిందా?”

“నడిచింది,” అంది మేడమ్, పడవ అంచు గట్టిగా పట్టుకుని.

“ఏటి నడుమదాకా తెచ్చిందా?”

“తెచ్చింది.”

“అయితే నడిచే ఇంజనే మీ ముందు పెట్టాం.”

“నూనె తగ్గించింది మీ ఆయనే కదమ్మా!” అన్నాడు నిపుణుడు.

“ఆయనే. వేలెడంత బుర్రతో ఈయనకే ఈ ఉపాయం తట్టిందంటే మిగతావాళ్లకు తట్టదా? పరీక్ష రోజు నూనె తగ్గిస్తారు. మీరు నెగ్గిందని రాస్తారు. మర్నాడు వెనక కూర్చున్న ఆడది మళ్లీ దగ్గుతుంది. లేదా జనంతో సహా ఇలా నడి ఏట్లో కూర్చుంటారు. అభిప్రాయం కావాలన్నారుగా, ఇదే. పాతది ఎలా ఉన్నా తీసుకుని కొత్తది ఇవ్వండి.”

“అలా అంటే అటకల మీది ఇనుమంతా తెస్తారు!”

“తేనివ్వండి. వరసలో ముందు మాది.”

మేడమ్‌కు నవ్వొచ్చింది, పడవ ఊగడంతో ఆగిపోయింది. “నిబంధన మారుస్తానని నేను ఇక్కడ మాటివ్వలేనమ్మా. మీ అభిప్రాయం పైకి పంపుతాను. మీ ఇంజను నడుస్తుండగా చూశానని మాత్రం చెప్పగలను.”

“నీళ్ల మీద రాత కాకూడదు. హాల్లో మైకు ముందు చెప్పాలి.”

“చెబుతాను.”

తెడ్డు కదల్లేదు. ఆవిడ చూపు నిపుణుడి మీద ఉంది. పడవ ఓ చుట్టు తిరిగింది. రెండో చుట్టుకు ఆయన మీటరును గుండెకు హత్తుకుని “నడిచింది! నేనూ చూశాను!” అన్నాడు.

“ఇంకొకరు మిగిలారు,” అంది ఆవిడ, ముందు భాగం వైపు చూస్తూ.

“ముందు గట్టు చేర్చవే,” అన్నాడు పొగరాయుడు.

“గట్టు చేరాలంటే గట్టిగా చెప్పాలి. ఇంజను మారుస్తారా?”

“మారుస్తా,” అని గొణిగాడు.

“ఏం? ఇన్నాళ్లూ మోతలో వినపడలేదంటే సరే. ఇప్పుడు ఏ మోతా లేదు.”

“మార్చేస్తానే తల్లీ!”

గట్టు మీద జనానికి సంగతేమిటో తెలియదు గానీ ఆ కేక వినబడింది. చప్పట్లు కొట్టారు. తెడ్డు నీళ్లలో పడింది.

హాల్లో మేడమ్ మైకు ముందు నిలబడి అన్నమాట ప్రకారం చెప్పింది. ఈ ఇంజను మా కళ్ల ముందు నడిచింది, దీన్ని మార్పిడికి తీసుకుంటున్నాం అంది. నిపుణుడు తల ఊపాడు. పొగరాయుడు మెడ తడుముకుంటూ ఊపాడు. మూలన బావమరిది, కాలిన వేళ్లు ఊదుకుంటూ, అందరికంటే ఎక్కువ ఊపాడు.

ఇంతలో మోటార్‌సైకిలాయన మళ్లీ లేచాడు.

“మేడమ్, ఇదేం న్యాయం? మా బళ్ల సంగతి కూడా నడి ఏట్లోనే తేల్చండి!”

నిపుణుడు మీటరు చంకలో పెట్టుకుని తలుపు ఎంత దూరమో చూసుకున్నాడు. పొగరాయుడి భార్య అప్పుడే తడి చీర పిండుకుంటూ గుమ్మం దాటుతోంది. ఆగి వెనక్కి తిరిగింది.

“రండి బాబూ,” అంది. “బండికొకరు చొప్పున భార్యల్ని కూడా తీసుకురండి.”

మోటార్‌సైకిలాయన కూర్చున్నాడు.